ఎవరూ తలుపు తట్టని ఇల్లు

(2026 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో జరిగిన మన ఫోరం వార్షిక సమావేశంలో ఒక కేర్ వర్కర్ సోదరి చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చువేస్తున్నాం.)



ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది రాత్రి డ్యూటీ దిగి నిద్ర మానుకుని వచ్చారని నాకు తెలుసు. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కూడా కాదు. మాది ఖమ్మం జిల్లా, వైరా దగ్గర ఒక ఊరు. 2022 చివర్లో కేర్ వర్కర్ వీసా మీద ఈ నగరానికి వచ్చాను. పొద్దున ఆరింటికి బయలుదేరి ఇల్లిల్లూ తిరిగి, ముసలివాళ్ళకి స్నానం చేయించడం, మందులు ఇవ్వడం, ఇంత టిఫిన్ పెట్టడం నా పని. కార్యదర్శి అన్న ఫోన్ చేసి "కౌన్సిల్ ఎన్నికల గురించి నువ్వే మాట్లాడాలమ్మా" అంటే నవ్వొచ్చింది. నాకేం తెలుసన్నా అన్నాను. "నీకు జరిగింది చెప్పు చాలు" అన్నాడు. అదే చెప్తాను.

2024 వేసవి. పార్లమెంటు ఎన్నికలు దగ్గరపడ్డాయి. నేను మధ్యాహ్నం ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని అన్నం తింటున్నాను. వీధి చివర్నించి ముగ్గురు మనుషులు కరపత్రాలు పట్టుకుని ఒక్కో తలుపూ తడుతూ వస్తున్నారు. పక్కింటి తలుపు తట్టారు, పావుగంట మాట్లాడారు. తర్వాత మన ఇల్లే కదా, లేచి చెయ్యి కడుక్కున్నాను. ఇంగ్లీషులో ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను కూడా. వాళ్ళలో ఒకాయన చేతిలో ఉన్న కాగితం చూశాడు, మా ఇంటి నంబరు చూశాడు, తల అడ్డంగా ఊపాడు. ముగ్గురూ మా గేటు దాటి అవతలి ఇంటికి వెళ్ళిపోయారు.

మా ఇంట్లో అప్పుడు ఆరుగురం ఉన్నాం. ఆరుగురూ పనిచేసేవాళ్ళమే.

సాయంత్రం పక్కింటి పంజాబీ పెద్దావిడ కనిపిస్తే అడిగాను. ఆమెని మేమంతా బీజీ అని పిలుస్తాం. డెబ్బై దాటాయి, ఈ దేశం వచ్చి యాభై ఏళ్ళు. ఆమె నవ్వి హిందీలో చెప్పింది: "వాళ్ళ చేతిలో ఉన్నది ఓటర్ల జాబితా బేటీ. జాబితాలో పేరున్న ఇంటి తలుపే తడతారు. మీ ఇంట్లో ఒక్క పేరూ లేదు. వాళ్ళ లెక్కలో అది ఖాళీ ఇల్లు."

ఖాళీ ఇల్లు! ఆ మాట నాకు రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు.

మాకు ఓటు ఎక్కడిది, మేము వీసా మీద వచ్చినవాళ్ళం కదా అన్నాను. నేనే కాదు, ఈ హాల్లో ఉన్నవాళ్ళలో కూడా చాలామంది అలాగే అనుకుంటున్నారు. కాబట్టి ముందు ఈ మాట స్పష్టంగా చెప్పుకుందాం. పద్దెనిమిదేళ్ళు నిండి, ఇంగ్లండులో నివాసం ఉంటూ, చెల్లుబాటయ్యే వీసా ఉన్న భారత పౌరుడికి ఇక్కడి కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఉంది. పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఉంది. ఎందుకంటే భారతదేశం కామన్వెల్త్ దేశం. బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు, పీఆర్ అక్కర్లేదు. స్టూడెంట్ వీసా అయినా, స్కిల్డ్ వర్కర్ వీసా అయినా, కేర్ వీసా అయినా, డిపెండెంట్‌గా వచ్చిన భార్య అయినా భర్త అయినా ఓటు ఉంది. మా ఆరుగురిలో ఒకమ్మాయిది నేపాల్. నేపాల్ కామన్వెల్త్‌లో లేదు కాబట్టి ఆ పిల్లకి లేదు. "మీ ఐదుగురికీ ఉండి కూడా పెట్టుకోలేదా అక్కా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది.

ఇంకో సంగతి చూడండి. మన ఊళ్ళో ఓటుంది కదా, అది చాలదా అంటారు. ప్రవాసులు ఇండియాలో ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, నిజమే. కానీ వేయాలంటే స్వయంగా పాస్‌పోర్టు పట్టుకుని ఆ పోలింగ్ బూత్‌కే వెళ్ళాలి. వైరాలో ఓటు వేయడానికి నేను సెలవు పెట్టి, టికెట్ కొని, విమానం ఎక్కాలి. ఇక్కడ ఓటు మా వీధి మలుపులో స్కూల్లో ఉంది. మొదటిది మనం కలలో కూడా వదులుకోం. రెండోది చేతిలో ఉండి కూడా అడగం.

సరే, ఓటుంది. కౌన్సిల్‌తో మనకేం పని? మన వీసా లండన్ ప్రభుత్వం చేతిలో, జీతం కంపెనీ చేతిలో, ఇల్లు ఓనర్ చేతిలో ఉన్నాయి అనుకుంటాం. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి లెక్కేసుకోండి. గుమ్మం ముందు బిన్ను ఎత్తేది కౌన్సిల్. మీరు నడిచే వీధి, రాత్రి డ్యూటీకి వెళ్ళేటప్పుడు వెలిగే వీధి దీపం కౌన్సిల్‌వి. పిల్లాడి స్కూల్ సీటు దరఖాస్తు, లైబ్రరీ, పార్కు కౌన్సిల్ చూసేవే. ఓనర్ ఒక ఇంట్లో ఎంతమందిని కుక్కాడో, చెమ్మ పట్టిన గోడకి సున్నం కొట్టి దాచాడో వచ్చి చూడగలిగింది కౌన్సిల్ అధికారే. ఇక కేర్ పని చేసే మనవాళ్ళకి ఇంకా దగ్గర సంబంధం ఉంది. మనం చూసే ముసలివాళ్ళలో చాలామంది ఖర్చు భరించేది కౌన్సిల్. మన కంపెనీకి గంటకి ఇంత అని ఇచ్చే రేటు, విజిట్‌కి పదిహేను నిమిషాలా అరగంటా అన్నది, ఆ కాంట్రాక్టులోంచే దిగివస్తుంది. దారిలో పోయే టైముకి జీతం లేదని మనం వాట్సాప్‌లో ఏడుస్తాం. ఆ డబ్బు ఎటు పోవాలో ఓటు వేసి నిర్ణయించేవాళ్ళు ఇంకెక్కడో కాదు, విక్టోరియా స్క్వేర్‌లో కౌన్సిల్ హౌస్‌లో కూర్చుంటారు.

ఆ సభలో 101 మంది కౌన్సిలర్లు. నగరంలో 69 వార్డులు. 37 వార్డుల్లో ఒక్కో కౌన్సిలర్, 32 వార్డుల్లో ఇద్దరిద్దరు. నాలుగేళ్ళకోసారి మొత్తం అన్ని సీట్లకీ ఎన్నిక. పోయినసారి 2022 మేలో జరిగింది. ఇప్పుడు 2026 మే 7న, గురువారం. ఆ రోజు వెళ్ళకపోతే మళ్ళీ అందరి సీట్లకీ ఓటు వేసే అవకాశం నాలుగేళ్ళ తర్వాతే.

ఈ నాలుగేళ్ళలో ఏమైందో మీకు తెలియంది కాదు. 2023 సెప్టెంబరు 5న ఈ కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. మన భాషలో చెప్పాలంటే, తప్పనిసరి ఖర్చులకి తప్ప కొత్త ఖర్చుకి చేతిలో డబ్బు లేదని చెప్పేసింది. కారణాల్లో రెండు అందరూ చెప్పుకునేవి. ఒకటి కొత్త కంప్యూటర్ వ్యవస్థ దెబ్బతినడం. రెండోది సమాన వేతనం బాకీ. ఈ రెండోదాని వెనక ఉన్న కథ మనలాంటివాళ్ళది, అందుకే చెప్తున్నాను. కౌన్సిల్‌లో వంట చేసే ఆడవాళ్ళకి, శుభ్రం చేసేవాళ్ళకి, కేర్ పని చేసేవాళ్ళకి, అదే గ్రేడులో ఉన్న మగవాళ్ళకి ఇచ్చిన బోనస్‌లు ఇవ్వలేదు. వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2012లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళి గెలిచారు. ఆడకూలీల కష్టాన్ని తక్కువ కట్టి ఏళ్ళ తరబడి మిగుల్చుకున్న డబ్బు చివరికి మొత్తం నగరం మీద అప్పుగా పడింది.

ఆ భారం ఎవరు మోశారు? 2024 ఏప్రిల్‌లో కౌన్సిల్ టాక్స్ 9.99 శాతం పెంచారు. 2025లో మళ్ళీ 7.49 శాతం. అంటే నెలకి నూరు పౌండ్లు కట్టే ఇల్లు రెండేళ్ళలో 118 పౌండ్ల దాకా కట్టాల్సి వచ్చింది. లైబ్రరీల పనిగంటలు తగ్గాయి. 2025 మార్చి 11 నుంచి చెత్త ఎత్తే కార్మికులు, జీతాలు తగ్గుతాయన్న తగాదాలో, పూర్తి సమ్మెకి దిగారు. ఆ నెలాఖరుకి నగరం వీధుల్లో 17,000 టన్నుల చెత్త పేరుకుపోయిందని కౌన్సిలే ప్రకటించింది. ఎలుకల గురించి టీవీలో ప్రపంచమంతా చూసింది. మా అమ్మ కూడా ఊళ్ళో చూసి, "అక్కడ కూడా ఇంతేనా బిడ్డా" అంది.

తప్పెవరిది, కౌన్సిల్‌దా, లండన్ ప్రభుత్వానిదా, యూనియన్‌దా అన్నదాని మీద ఈ హాల్లోనే నాలుగు అభిప్రాయాలుంటాయి. ఉండనివ్వండి. ఏ పార్టీకి వేయాలో నేను చెప్పను, ఈ ఫోరం కూడా చెప్పదు. నేను చెప్పేది ఒక్కటే. ఈ బిల్లు మనమూ కట్టాం. వాళ్ళని అడిగే రోజున మాత్రం మన ఇల్లు ఖాళీ ఇల్లు కాకూడదు.

ఇక మా ఇంటి సంగతి. బీజీ చెప్పిన వారంలో ఐదుగురం పేర్లు పెట్టుకున్నాం. ఫోన్‌లోనే, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఆ చలికాలం బాయిలర్ పాడైంది. పన్నెండు రోజులు వేడి నీళ్ళు లేవు, గదుల్లో గోడలు నల్లగా బూజు పట్టాయి. ఓనర్‌కి ఫోన్ చేస్తే "సర్దుకోండి" అన్నాడు. వార్డు కౌన్సిలర్‌కి ఈమెయిల్ రాశాను. ఉన్నమాట చెప్పాలి, ఓటు ఉన్నా లేకపోయినా కౌన్సిలర్‌కి ఎవరైనా రాయొచ్చు, వాళ్ళు జవాబివ్వాలి. అయితే నేను ఓటరుగా చేరకముందు, అలా రాయొచ్చని నాకు తోచనే లేదు. అద్దెకున్నదాన్ని, పరాయి దేశందాన్ని, నోరెత్తితే వీసా పోతుందేమోనని భయపడేదాన్ని. జాబితాలో పేరు చేరాక ఆ భయం సగం పోయింది.

అధికారి వచ్చి చూశాడు. ఐదుగురు అంతకంటే ఎక్కువమంది, వేరు వేరు కుటుంబాలవాళ్ళు వంటిల్లూ బాత్రూమూ పంచుకునే ఇంటికి ఓనర్ కౌన్సిల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అది ఇంగ్లండు అంతటా చట్టం. మా ఓనర్‌కి ఆ లైసెన్సు లేదు. బాయిలర్ నాలుగు రోజుల్లో బాగైంది.

కథ ఇక్కడ ఆపితే బావుంటుంది కానీ అది పూర్తి నిజం కాదు. మూడు నెలల తర్వాత ఓనర్ అద్దె పెంచాడు. ఇద్దరు ఇల్లు మారాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. "నువ్వు ఊరుకుని ఉంటే చవగ్గా బతికేవాళ్ళం" అంటుంది. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. ఊళ్ళో అప్పు ఉన్నవాళ్ళకి నెలకి నలభై పౌండ్లంటే ఎంతో నాకు తెలుసు. కానీ ఒక్క ఇల్లు ఒంటరిగా నోరెత్తితే అలాగే అవుతుంది. వీధిలో ఇలాంటి ఇళ్ళన్నిటికీ ఓట్లుండి, అద్దె ఇళ్ళ తనిఖీ గురించి పోటీ చేసేవాళ్ళందర్నీ ముందే నిలదీస్తే, ఓనర్ అంత తేలిగ్గా ఒక ఇంటి మీద కక్ష తీర్చుకోలేడు.

ఈ సంగతి బీజీకి చెప్తే ఆమె మార్షల్ స్ట్రీట్ గురించి చెప్పింది. మనకి పక్కనే ఉన్న స్మెథిక్ ఊళ్ళో ఉంది ఆ వీధి. అరవై ఏళ్ళ కింద అక్కడి ఫౌండ్రీల్లో పంజాబీలు, జమైకావాళ్ళు పనిచేసేవాళ్ళు. కరిగిన ఇనుము దగ్గర పనికి వాళ్ళు కావాలి. అద్దెకి ఇల్లు అడిగితే మాత్రం లేదు. 1964 ఎన్నికల్లో ఆ ఊళ్ళో వలసవాళ్ళ మీద విషం కక్కే ప్రచారం నడిచింది, గెలిచింది కూడా. తర్వాత అక్కడి కౌన్సిలే ఒక పథకం వేసింది: మార్షల్ స్ట్రీట్‌లో అమ్మకానికి వచ్చిన ఇళ్ళు కొనేసి, తెల్లవాళ్ళకి మాత్రమే ఇవ్వాలని. చూశారా, అది ఓనర్ దుర్మార్గం కాదు. ఓట్లతో గెలిచి కూర్చున్న కౌన్సిల్ ఆలోచన. ఇళ్ళ విషయంలో రంగు చూసి కాదనడం కుదరదని చట్టం రావడానికి ఇంకా నాలుగేళ్ళుంది, 1968లో వచ్చింది.

అప్పుడు అవతార్ సింగ్ జోహల్ అనే ఫౌండ్రీ కార్మికుడు, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు, మాల్కమ్ ఎక్స్‌ని ఆ వీధికి రప్పించాడు. 1965 ఫిబ్రవరి 12న మాల్కమ్ ఎక్స్ మార్షల్ స్ట్రీట్‌లో నడిచాడు. తొమ్మిది రోజులకి న్యూయార్క్‌లో ఆయన్ని చంపేశారు. కౌన్సిల్ పథకానికి కేంద్ర మంత్రి అప్పు ఇవ్వనన్నాడు, అది ఆగిపోయింది. ఇవాళ అదే స్మెథిక్ హై స్ట్రీట్‌లో పెద్ద గురుద్వారా ఉంది. బీజీ అంటుంది, "మా మామగారి తరం యూనియన్ కూడా వదల్లేదు, ఓటు కూడా వదల్లేదు. మీరు ఫోన్‌లో ఐదు నిమిషాలు వదలలేకపోతున్నారు."

ఇప్పుడు పని మాటలు. దయచేసి రాసుకోండి.

ఒకటి. మే 7న ఓటు వేయాలంటే ఏప్రిల్ 20 లోపు నమోదు చేసుకోవాలి. ప్రభుత్వ వెబ్‌సైటులోనే, పైసా ఖర్చు లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఇల్లు మారితే మళ్ళీ నమోదు చేసుకోవాలి, పాత పేరు మీ వెంట రాదు.

రెండు. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయండి. ఇది మన తెలుగువాళ్ళకి పెద్ద చిక్కు. ఇంటిపేరు ముందా వెనకా, తండ్రి పేరు కలిసిందా లేదా, ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. 2023 నుంచి ఇంగ్లండులో ఓటు వేయాలంటే ఫొటో ఉన్న గుర్తింపు చూపాలి. జాబితాలో పేరూ గుర్తింపులో పేరూ కలవాలి. మన ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుంది. ఫోన్‌లో ఫొటో చూపిస్తే చెల్లదు. పాస్‌పోర్టు రెన్యువల్‌కి పంపి, చేతిలో ఏ గుర్తింపూ లేనివాళ్ళు ఏప్రిల్ 28 సాయంత్రం ఐదు లోపు ఉచితంగా ఓటరు గుర్తింపు పత్రానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మూడు. పోలింగ్ పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా. పదింటికి వరసలో నిలబడి ఉంటే చాలు, వేయనిస్తారు. మన దగ్గరలా వేలికి సిరా ఉండదు, మిషను ఉండదు. కాగితం, పెన్సిలు. నచ్చిన పేరు ఎదురుగా అడ్డగీతల గుర్తు పెట్టాలి. ఇద్దరు కౌన్సిలర్లున్న వార్డులో రెండు గుర్తులు పెట్టొచ్చు.

నాలుగు. షిఫ్టు కుదరనివాళ్ళు పోస్టల్ ఓటు అడగండి. ఏప్రిల్ 21 సాయంత్రం ఐదు గడువు. కానీ ఒక హెచ్చరిక. ఇంటికొచ్చిన ఆ కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి. మనవాడే, సంఘం పెద్దే, "సంతకం పెట్టివ్వమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అన్నా ఇవ్వకండి. 2004లో ఇదే నగరంలో ఆస్టన్, బోర్డెస్లీ గ్రీన్ వార్డుల్లో పోస్టల్ ఓట్ల మోసం జరిగిందని ఎన్నికల కోర్టు తేల్చి, 2005లో ఆ ఎన్నికలు కొట్టేసింది. అప్పుడు వాడుకున్నది ఎక్కువగా వలస వచ్చినవాళ్ళ పేటల ఓట్లనే.

ఐదు. వీసా భయం. ఓటు వేయడం మీ హక్కు. దానివల్ల వీసా పోదు, భారత పౌరసత్వం పోదు, స్పాన్సర్‌కి తెలియదు. మీరు ఎవరికి వేశారో కంపెనీకీ ఓనర్‌కీ ఎవరికీ తెలియదు. ఓటు ప్రభుత్వ సాయం కాదు కాబట్టి వీసా మీద ఉన్న "పబ్లిక్ ఫండ్స్" నిషేధానికీ దీనికీ సంబంధం లేదు. పైగా, కౌన్సిల్ నుంచి నమోదు చేసుకోమని మీ పేరు మీద ఉత్తరం వచ్చాక, మళ్ళీ మళ్ళీ అడిగినా జవాబివ్వకపోతే 80 పౌండ్ల జరిమానా వేయొచ్చు. మేము ఆ ఉత్తరాలు రెండేళ్ళు పిజ్జా కాగితాలతో కలిపి పారేశాం. మీరలా చేయకండి.

ఒక్క ఓటుతో ఏమవుతుంది అంటారు. కౌన్సిల్ ఎన్నికలకి సగం మంది ఓటర్లు కూడా రారు. అలాంటి చోట ఒక ఇంట్లో ఐదు ఓట్లు, వీధిలో అలాంటి ఇళ్ళు పది అంటే, గెలిచేవాళ్ళకీ ఓడేవాళ్ళకీ లెక్కలోకి వస్తాం. మేము పేర్లు పెట్టుకున్నాక మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం ఎవరో తలుపు తట్టారు. నేను నిద్రలో ఉన్నాను. నేపాలీ పిల్ల తలుపు తీసి, వచ్చినవాళ్ళని నిలబెట్టి, "మా అక్క లేస్తుంది, ఉండండి. మా బస్సు రాత్రి పదకొండు తర్వాత ఎందుకు రాదో, మా వీధి దీపం ఎందుకు వెలగదో చెప్పి వెళ్ళండి" అందట. బస్సు సంగతి కౌన్సిల్ చేతిలో లేదని వాళ్ళు చెప్పారు, అది నిజమే. దీపం సంగతి రాసుకున్నారు. ఓటు లేని పిల్ల అడిగింది. ఓటున్న నేను కళ్ళు నులుముకుంటూ మెట్లు దిగాను.

దీపం ఇంకా వెలగలేదు. మే 7 దాకా అడుగుతూనే ఉంటాం.

టీ బల్ల దగ్గర ఇద్దరు తమ్ముళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు గుర్తున్నవాళ్ళు టీ తాగే లోపు నమోదు చేసుకుని వెళ్ళండి. గుర్తు లేనివాళ్ళు ఇంటికెళ్ళి జీతం స్లిప్పు తీయండి, దాని మీద ఉంటుంది.

సెలవు. నాకు నాలుగింటికి విజిట్ ఉంది.